ఇంట్లో రెండో గ్లాసు పెట్టొద్దు

(పల్లెలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



సభల్లో ఎవరూ ఎత్తని మాట ఇవాళ ఎత్తుతున్నాను. సిగ్గు పక్కనబెట్టి వినండి.

కామెర్లన్నీ ఒకటి కావు. మురికినీళ్ళతో వచ్చేవి వేరు, హెపటైటిస్ బి వేరు. ఈ వైరస్ రక్తంలో, వీర్యంలో, యోని ద్రవాల్లో ఉంటుంది. కలయికలో ఆడ నుంచి మగకీ, మగ నుంచి ఆడకీ, మగ నుంచి మగకీ పోతుంది. ఒకే సూది పదిమందికి పొడిచినా, ఒకే బ్లేడుతో గడ్డాలు గీసినా వస్తుంది. కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది.

ఒకే కంచంలో తింటే రాదు. ఒకే గ్లాసుతో తాగితే రాదు. మిరపకోతలో పక్క సాలు పట్టినా రాదు. టీ కొట్లో రెండో గ్లాసు మీద కొట్లాడినవాళ్ళం, జబ్బుమనిషికి మన ఇంట్లోనే రెండో గ్లాసు పెడతామా?

ఇంకో అన్యాయం చూడండి. కడుపుతో ఉన్నప్పుడు ఆడమనిషికే రక్తపరీక్ష చేస్తారు. జబ్బు ఆమెలోనే ముందు బయటపడుతుంది. "నీకెక్కడిది?" అని పుట్టింటికి తరుముతారు. ముందు బయటపడితే ముందు సోకినట్టా? ఆమెకి పుట్టుకలోనే వచ్చి ఉండొచ్చు, మొగుడి నుంచీ వచ్చి ఉండొచ్చు. ఏ బాధా లేకుండా ఏళ్ళ తరబడి ఒంట్లో దాగుంటుంది. ఎవరి నుంచి వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు.

పసరు మందుతో తగ్గిందంటారు. పెద్దవాళ్ళలో 100కి 95 మందికి పైగా ఒళ్ళే వైరస్‌ని తరిమేస్తుంది. పేరు పసరుకి పోతుంది! మిగిలినవాళ్ళలో అది 6 నెలలు దాటినా పోదు. మెల్లమెల్లగా లివరు గట్టిపడొచ్చు, క్యాన్సరూ రావచ్చు. పుట్టుకలో సోకిన బిడ్డల్లోనైతే 100కి 90 మందిలో ఉండిపోతుంది.

దీనికి టీకా ఉంది. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారుచేసింది. అంతకుముందు దిగుమతి టీకా కూలిమనిషికి అందేది కాదు. ఇప్పుడు పసిబిడ్డలకి సర్కారు ఉచితంగా వేస్తోంది. అయితే 30 ఏళ్ళు దాటిన మనలో చాలామందికి అది పడలేదు.

కాబట్టి ఈ పనులు చెయ్యండి. ఆలుమగలిద్దరూ పరీక్ష చేయించుకోండి. ఒకరికి ఉంటే, సోకని రెండోవాళ్ళు 6 నెలల్లో 3 డోసుల టీకా వేయించుకోవాలి. రక్షణ వచ్చిందని డాక్టరు చెప్పేదాకా నిరోధ్ వాడాలి. కాన్పు ఆసుపత్రిలోనే కావాలి. బిడ్డకి 24 గంటల్లోపు టీకా పడాలి. తల్లికి జబ్బుంటే ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పాలి. బిడ్డకి ఇంకో ఇంజెక్షను కూడా అవసరమవుతుంది. ఆరెంపీ దగ్గరైనా సరే, మీ కళ్ళముందే కొత్త సూది విప్పమనండి.

2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. జిల్లా పెద్దాసుపత్రిలో అడగండి. మందు అందరికీ అవసరపడదు, అది డాక్టరు తేలుస్తాడు. మొదలుపెట్టాక సొంతంగా మానొద్దు.

పత్తితీతకీ మిరపకోతకీ ముఠా కట్టి పోతాం. పరీక్షకీ అట్లాగే ముఠాగా పోదాం. ఒక్కరే పోతే ఊరు చెవులు కొరుక్కుంటుంది. పల్లె మొత్తం పోతే ఎవరిని వేలెత్తి చూపుతారు?

జై భీమ్.