పాత కారు కొనేముందు గేర్‌బాక్స్‌ను ఇలా పరీక్షించండి



సైటు దూరమని, టాక్సీకి పెట్టలేమని మనవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి డబ్బులేసుకుని పాత కారు కొంటున్నారు. ఇక్కడ దుబాయ్, షార్జాల్లో దొరికేవి ఎక్కువగా ఆటోమేటిక్ బండ్లే. ఏసీ చెడిపోతే చేయించుకుంటాం. గేర్‌బాక్స్ పోతే మాత్రం కొన్న ధరలో పెద్ద ముక్క అక్కడే పోతుంది. అది ఇంటికి పంపాల్సిన డబ్బు. మల్కియా మన పేరు మీదికి మారాక అమ్మినోడు ఫోను ఎత్తడు. అందుకే గ్యారేజీ పనిలో చూసినవి నాలుగు మాటలు చెప్తాను.

1. బండి చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. ఎండలో లేకపోయినా వేడిగా ఉందంటే మీరు రాకముందే నడిపారన్నమాట. కొన్ని లోపాలు చల్లని ఇంజన్‌లోనే కనిపిస్తాయి, కొన్ని బాగా వేడెక్కాకే బయటపడతాయి. రెండూ చూడాలి.

2. స్టార్ట్ చేసి, బ్రేకు గట్టిగా తొక్కి, పార్క్ నుంచి రివర్స్‌కి, తర్వాత డ్రైవ్‌కి మార్చండి. ఒక సెకను అటూ ఇటూలో గేరు పట్టాలి. రెండు మూడు సెకన్లు ఆగి ధన్‌మని తన్నిందంటే లోపల ఆయిల్ ప్రెషర్ తగ్గి ఉండొచ్చు, క్లచ్ ప్లేట్లు అరిగి ఉండొచ్చు. ఇంజన్ మౌంటింగ్ రబ్బరు తెగినా ఇట్లాగే కొడుతుంది. అది చిన్న ఖర్చే. ఏదో తేల్చుకున్నాకే బేరమాడండి.

3. కనీసం అరగంట నడపండి, ఏసీ వేసి, ట్రాఫిక్‌లోనూ హైవే మీదా. కన్ను ఆర్‌పీఎం ముల్లు మీద ఉండాలి. గేరు మారేటప్పుడు ముల్లు పైకి లేచి స్పీడు పెరగకపోతే గేరు జారుతోందని అర్థం. నిలకడగా పోతున్నప్పుడు గులకరాళ్ల మీద నడిచినట్టు వణికితే టార్క్ కన్వర్టర్ మీద అనుమానం. అయితే స్పార్క్ ప్లగ్గులు పాడైనా బండి వణుకుతుంది. సీవీటీ బండ్లలో గేర్లు మారవు, ముల్లు ఒకచోటే ఉండి స్పీడు పెరగడం సహజం. దానికి భయపడొద్దు.

4. డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే ఆయిల్ తెల్ల గుడ్డ మీద వేసి చూడండి. మామూలుగా ఎర్రగా, తేటగా ఉంటుంది. నల్లబడి మాడిన వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలినట్టే. రోజ్ మిల్క్‌లా కనిపిస్తే రేడియేటర్ నీళ్లు కలిశాయి, ఆ బండి వదిలేయండి. ఈ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా కాలి తగ్గేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. డిప్‌స్టిక్ లేని బండిని లిఫ్ట్ మీద ఎత్తి కింద లీకు చూపించమనండి.

5. స్కానర్ పెట్టించకుండా డబ్బులివ్వకండి. పీ0700 అని వస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో లోపం పట్టిందని మాత్రమే అర్థం. అసలు సంగతి దాని పక్కన వచ్చే ఇంకో కోడ్ చెప్తుంది. కోడ్‌లు ఏమీ లేకున్నా, 'రెడీనెస్' పరీక్షలు చాలావరకు పూర్తి కాలేదని చూపిస్తే ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. కొన్ని రోజులు నడిచాక మళ్లీ చూపించమనండి.

ఇప్పటికే బండి ఉండి గేరు సతాయిస్తుంటే, గేర్‌బాక్స్ మొత్తం దించాలన్న మాటకు వెంటనే తలూపకండి. ముందు ఆయిల్ మట్టం, కోడ్‌లు, వైరింగ్, సోలనాయిడ్ చూపించండి. ఆయిల్ పోస్తే కంపెనీ చెప్పిన రకమే పోయాలి. సీవీటీలో మామూలు గేర్ ఆయిల్ పోస్తే పూర్తిగా పాడవుతుంది.

చివరి మాట. "ఆయిల్ మారిస్తే అంతా సెట్ అయిపోతుంది అన్నా" అని అమ్మేవాడు అంటే, "అయితే నువ్వే మార్పించు, తర్వాత నడిపి చూసి కొంటాం" అనండి. నిజం చెప్పేవాడైతే ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే బయానా ఇవ్వకుండా తిరిగొచ్చేయండి. మార్కెట్లో బండ్లకు కరువు లేదు.