కీమో తర్వాత కాళ్ళ మంటలు, తిమ్మిర్లు: మందులతో పాటు ఇంట్లో మనం ఏం చేయొచ్చు?

ఈ ఎపిసోడ్ మా ఊరు చిలకలూరిపేటలో, మా ఇంటి వరండాలో కూర్చుని చేస్తున్నా. హైవే మీద లారీల హారన్లు వినిపిస్తే కాస్త సర్దుకోండి.

ఈ రోజు టాపిక్ కీమోథెరపీ తర్వాత వచ్చే నరాల నొప్పి. పాదాల్లో మంటలు, వేళ్ళల్లో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం, చీమలు పాకినట్టు ఉండటం, చివరికి స్పర్శే తెలియకపోవడం. మందులు కాకుండా దీనికి ఏం చేయొచ్చు అనేదే ఈ రోజు మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. మా అమ్మ వల్ల నేర్చుకున్నవీ, తర్వాత కూర్చుని చదివి తెలుసుకున్నవీ చెప్తా. ఈ వీడియోకి అమ్మ ఒప్పుకుంది. పేరు మాత్రం చెప్పొద్దంది.

అమ్మది మిరపకాయల పని. సీజన్లో కల్లాల దగ్గర కాయలు ఏరడం, తొడిమలు తీయడం. పక్కవాళ్ళతో కబుర్లు చెప్తూనే ఉంటుంది, చేతులు మాత్రం ఆగవు. అలాంటి మనిషికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ తర్వాత కీమో రాశారు. అందులో చివరి భాగం పాక్లిటాక్సెల్ అనే మందు. వారానికొకటి చొప్పున 12 వారాలు. పేట నుంచి గుంటూరు బస్సులో పోవడం, ఎక్కించుకోవడం, రాత్రికి రావడం.

ఆరో వారం అయ్యాక ఒక రాత్రి అమ్మ పాదాలు రుద్దుకుంటూ కూర్చుంది. ఎవరో చెప్పారట, వేడినీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు పెడితే లాగేస్తుందని. నీళ్ళు కాచింది నేనే. టబ్బులో పోసింది నేనే. అమ్మ కాళ్ళు పెట్టి, "ఇంకొంచెం వేడి పొయ్యిరా, చల్లగానే ఉన్నాయి" అంది. పోశా. పొద్దున లేచేసరికి రెండు పాదాలకీ బొబ్బలు.

"అమ్మా, కాలినట్టు తెలియలేదా?"

"తెలియలేదురా. నాలుగో సూది అయిన కాడ్నించీ పాదాలు నావి కానట్టే ఉన్నాయి."

"మరి చెప్పలేదేందమ్మా?"

"చెబితే మందు ఆపేస్తారేమో నాయనా. నీ చెల్లి పెళ్ళి కూడా కాలేదింకా."

అప్పుడు చెల్లి అంది, "చాలా రోజుల్నించీ జాకెట్టు హుక్సు నేనే పెడుతున్నా అన్నయ్యా. అమ్మకి ఓపిక లేదేమో అనుకున్నా." ఓపిక కాదు ఫ్రెండ్స్. వేళ్ళకి హుక్కు తగలడం లేదు. ఒకే ఇంట్లో ముగ్గురం ఉండి, ఇద్దరికి తెలియలేదు.

బొబ్బలు మానేదాకా తర్వాతి డోసు వెనక్కి జరిపారు. నేను ఆ టబ్బుని చాలా రోజులు చూడలేకపోయా.

సరే, అసలు ఎందుకిలా అవుతుంది? మన పాదాల దాకా వచ్చే నరం వెన్ను దగ్గర మొదలవుతుంది. పొడవు దాదాపు ఒక మీటరు. దానికి కావలసిన సరుకంతా మొదట్లో తయారై, సన్నటి గొట్టాల్లాంటి దారుల మీదుగా చివరిదాకా రవాణా అవ్వాలి. పాక్లిటాక్సెల్ క్యాన్సర్ కణాల్ని పట్టుకునేది ఈ గొట్టాల దగ్గరే. ఆ దెబ్బ నరాల్లోని దారులకీ తగులుతుంది. సాగర్ కుడి కాలువ చూసిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళు తగ్గితే ముందు ఎండేది కాలువ చివర ఉన్న పొలమే. అందుకే ముందుగా కాలి వేళ్ళు, తర్వాత చేతి వేళ్ళు.

ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్, విన్‌క్రిస్టిన్, బోర్టెజోమిబ్ లాంటి మందులు కూడా నరాల మీద పని చేస్తాయి, ఒక్కోటి ఒక్కో రకంగా. "చెట్టు మందు అయితే సైడ్ ఎఫెక్ట్ ఉండదు" అని మనవాళ్ళు అంటుంటారు కదా. విన్‌క్రిస్టిన్ వచ్చింది మన పెరట్లో ఉండే బిళ్ళ గన్నేరు నుంచే.

ఇప్పుడు ఏం చేయాలో చూద్దాం.

మొదటిది, చెప్పడం. ఇందులో మాత్ర లేదు, ఖర్చు లేదు. కానీ దీన్ని మించింది లేదు. తిమ్మిరి మొదలైన వారమే డాక్టరుకి చెబితే డోసు తగ్గించడమో, కొంచెం వెనక్కి జరపడమో, మందు మార్చడమో ఆలోచిస్తారు. చెప్పగానే వైద్యం ఆగిపోదు. అమ్మ భయపడ్డది దీనికే. దాచిపెడితే మాత్రం నరం ఇంకా దెబ్బ తింటుంది. ఇక్కడ మన ఫోన్ పనికొస్తుంది. వారానికోసారి నోట్స్‌లో నాలుగు ప్రశ్నలు రాయండి. గుండీ పెట్టుకోగలుగుతోందా? చెప్పు జారిపోతే తెలుస్తోందా? నడుస్తుంటే తూలుతోందా? నొప్పి పదికి ఎంత? డాక్టరు దగ్గర అది చదివి వినిపించండి. "ఎలా ఉందమ్మా" అని అడిగితే అమ్మలు "బాగానే ఉంది సార్" అంటారు. నోట్స్ అలా అనదు.

రెండోది, వ్యాయామం. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో ఒక స్టడీ ప్రచురించారు. కీమో తీసుకుంటున్న 355 మందిలో కొందరితో ఆరు వారాలు ఇంటి దగ్గరే నడక, రబ్బరు బ్యాండ్లతో తేలికపాటి కసరత్తు చేయించారు. వాళ్ళకి చేతులు కాళ్ళల్లో వేడి, చల్లదనం లాంటి బాధలు తక్కువగా ఉన్నాయి. 2024లో జర్మనీ, స్విట్జర్లాండ్ పరిశోధకులు 158 మందితో ఇంకోటి ప్రచురించారు. కీమో జరుగుతుండగానే వారానికి రెండుసార్లు బ్యాలెన్స్ వ్యాయామాలు చేసినవాళ్ళలో నరాల సమస్య వచ్చింది సుమారు 30 శాతం మందికి. ఏమీ చేయనివాళ్ళలో సుమారు 70 శాతం. పెద్ద స్టడీలు ఇంకా కావాలి, కానీ ఇది మన చేతిలో ఉన్న పని.

మా ఇంట్లో ఏం చేశామో చెప్తా. డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాం. గోడ పక్కన నిలబడి, చెయ్యి ఆనించి ఒంటికాలి మీద పది అంకెలు. తర్వాత రెండో కాలు. మడమ ముందు, వేళ్ళు వెనక ఆనిస్తూ గీత మీద నడిచినట్టు పది అడుగులు. కుర్చీలో కూర్చుని మడమలు లేపడం, దించడం. ఇవి చేసేటప్పుడు పక్కన మనిషి ఉండాల్సిందే. చేతులకైతే చాటలో కందులు పోసి ఒక్కోటి తీసి గ్లాసులో వేయడం. మొదటి రోజు అమ్మ ఇరవై గింజలు వేసేసరికి ఏడ్చేసింది. "కల్లంలో టిక్కీలకి టిక్కీలు ఏరినదాన్ని" అంది. మర్నాడు నేనేం అనకుండానే చాట తనే తెచ్చుకుంది.

మూడోది, కాపాడుకోవడం. మొద్దుబారిన పాదం గాయమైనా చెప్పదు. నీళ్ళ వేడి పాదంతో కాదు, మోచేత్తో చూడాలి. ఇంకా మంచిది, ఇంట్లో ఇంకొకళ్ళు చూడాలి. ఇంట్లో కూడా వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. పత్తి చేలో మోళ్ళు, తుమ్మ ముళ్ళు మామూలు కాదు, వట్టి కాళ్ళతో పొలానికి వద్దు. బండి ఎక్కేటప్పుడు సైలెన్సర్ చూసుకోవాలి. పొయ్యి మీద గిన్నె మందపాటి గుడ్డతోనే దించాలి. బాత్రూం దారిలో రాత్రంతా చిన్న లైటు ఉంచాలి. రోజూ సాయంత్రం అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడాలి. అమ్మ వంగలేదు కాబట్టి నేను ఫోన్‌తో ఫోటో తీసి తనకే చూపిస్తా. షుగర్ కూడా ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త.

నాలుగోది, చల్లదనం. ఇది నరాలు పాడవకముందు, మందు ఎక్కేటప్పుడు చేసేది. 2018లో జపాన్ వాళ్ళు పాక్లిటాక్సెల్ తీసుకునేవాళ్ళకి ఒక వైపు చేతికి, కాలికి మాత్రమే చల్లబరిచిన గ్లౌజు, సాక్సు వేసి చూశారు. అదే మనిషిలో ఆ వైపు తిమ్మిర్లు తక్కువగా వచ్చాయి. రక్తం కొంచెం తక్కువగా అందితే మందు కూడా అక్కడికి తక్కువగా చేరుతుందన్నది ఆలోచన. మీ హాస్పిటల్లో నర్సుని అడగండి. ఐసు నేరుగా చర్మానికి పెట్టొద్దు, చర్మం దెబ్బ తింటుంది. ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవాళ్ళకైతే చల్లదనమే శత్రువు. ఫ్రిజ్ నీళ్ళు తాగినా గొంతు పట్టేసినట్టు అవుతుంది.

ఆక్యుపంక్చర్ గురించి కామెంట్లలో అడుగుతారు, తెలుసు. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం వ్యాయామం, ఆక్యుపంక్చర్ లాంటివి మేలు చేసే అవకాశం ఉంది, గట్టిగా సిఫారసు చేయడానికి ఆధారాలు ఇంకా చాలవు. ఆ సూచనల్లోనే, నొప్పికి పనిచేస్తుందని వాళ్ళు చెప్పిన మందు ఒక్కటే, డ్యులాక్సెటిన్. అది డాక్టరు రాస్తేనే. నొప్పి భరించలేనప్పుడు మాత్ర వేసుకోవడం ఓడిపోవడం కాదు.

"నరాల బలానికి" అని సొంతంగా కొనే బిళ్ళలతో జాగ్రత్త. ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ అనేది మంచి చేస్తుందని 409 మంది మహిళల మీద పరీక్షించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. వేసుకున్నవాళ్ళకి నరాల బాధ ఇంకా పెరిగింది. విటమిన్ బి6 మోతాదు మించి చాలాకాలం వాడితే అదే నరాల్ని పాడు చేస్తుంది.

మన మిరపకాయ సంగతి కూడా చెప్పాలి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్, నిజమైన వేడిని గుర్తుపట్టే నరాల ద్వారాన్నే తెరుస్తుంది. 1997లో ఇది కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్ పట్టీలు నరాల నొప్పికి వాడతారు కూడా. అయితే అది డాక్టర్ల చేతిలో కొలిచిన మోతాదు. కారం నూరి పాదాలకి రాసుకుంటే మా అమ్మ బొబ్బలే మీకూ వస్తాయి.

కాళ్ళు ఉన్నట్టుండి బలం తగ్గినా, వెన్నునొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, ఒక వైపు చెయ్యీ కాలూ పడిపోయినట్టు ఉన్నా ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే హాస్పిటల్.

చివరగా నిజం చెప్తా. ఇది నెలల తరబడి ఉంటుంది. సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ లాంటివైతే కీమో అయిపోయాక కూడా కొన్ని నెలలు పెరగొచ్చు. కొందరికి ఏళ్ళు ఉంటుంది. అమ్మ 12 డోసులూ పూర్తి చేసింది, చివరివి తగ్గించిన మోతాదులో. ఇప్పుడు హుక్సు తనే పెట్టుకుంటుంది. కాలి వేళ్ళు మాత్రం ఇంకా మొద్దుగానే ఉన్నాయి. ఈ సీజన్లో కల్లానికి పోయింది, పట్టీ చెప్పులు వేసుకుని. కూలి సగం వచ్చిందని గొణిగింది.

మీ ఇంట్లో కీమో తీసుకునేవాళ్ళు ఉంటే, ఈ వీడియో ఆపేశాక ఒక పని చేయండి. పక్కన కూర్చుని, ఒక గుండీ పెట్టి చూపించమనండి. "ఎలా ఉంది" అని అడగొద్దు. చేతులు చూడండి. అవే చెప్తాయి.

ఉంటా ఫ్రెండ్స్. అమ్మ పిలుస్తోంది, నీళ్ళ వేడి చూడాలి.