అంతరిక్షమును గూర్చిన ఒక తెలుగు చిత్రము



2022వ సంవత్సరము డిసెంబరు మాసమున వికారాబాదు జిల్లా మర్పల్లి మండలములోని మొగిలిగుండ్ల పొలములలో గుండ్రని పెద్ద యంత్రమొకటి ఆకసమునుండి దిగెను. చూడవచ్చిన జనులు అది పరలోకవాసుల వాహనమేమోయని విస్తుపోయిరి. విచారింపగా, స్పెయిన్ దేశపు హాలో స్పేస్ అను సంస్థ హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రమునుండి పరీక్షార్థము ఎగురవేసిన గది అది యని తేలెను. ముందుముందు మనుష్యులను మిక్కిలి యెత్తునకు గొనిపోవలెనని వారి సంకల్పము.

ఆకసమున జరుగు పనులు మన పొలమునకే వచ్చుచున్న యీ కాలమున, వానిని గూర్చిన కథలును మనకు పరిచితములు కావలెను. అందులకే నేడు నేనొక తెలుగు చలనచిత్రమును మీకు జ్ఞప్తి చేయుచున్నాను. దాని పేరు "అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్." సంకల్ప్ రెడ్డిగారి దర్శకత్వమున 2018 డిసెంబరు 21వ తేదీన విడుదలయ్యెను. వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి, అదితిరావు హైదరీ ప్రముఖ పాత్రధారులు. చిత్రమునకు తగిన ఆదరణ లభింపలేదు.

కథ యిది. మిహిర అను ఉపగ్రహము దారి తప్పినది. అది వేరొక ఉపగ్రహమును ఢీకొన్నచో లోకమున వార్తాసంబంధములు తెగిపోవును. దానిని చక్కదిద్ద నేర్చినవాడు దేవ్. అతడు తన పూర్వప్రయత్నమగు విప్రయాన్ విఫలమైనందున ఉద్యోగము విడిచి దూరముగా నున్నవాడు. అతనినే మరల పిలిపింతురు.

ఉపగ్రహములు ఢీకొనుట వట్టి కల్పన కాదు. 2009 ఫిబ్రవరి 10న అమెరికా వారి ఇరిడియం ఉపగ్రహమును, రష్యా వారి పాత కాస్మోస్ ఉపగ్రహమును సైబీరియాపై ఢీకొని వేలకొలది తునకలైనవి. తాండూరు కందిరైతు వినెడి వానకబురును ఉపగ్రహముల పుణ్యమే గదా!

చిత్రమున లోపములు లేకపోలేదు. మిహిర పని యైన పిదప నాయకుడు విప్రయాన్‌నుగూడ బాగుచేయ పూనుకొనును. ఇంధనమును తులముల లెక్కన తూచి వాడు శాస్త్రజ్ఞులు అట్టి సాహసమును సులభముగా ఒప్పుకొనరు. పాటలును, ప్రేమకథయు కొంత నిడివిని హరించినవి. అయినను నేను దీనిని చూడదగినదనుటకు కారణమొకటి కలదు. ఓడినవానిని మరల పనికి పిలుచుట యిందలి ముఖ్యాంశము. చిత్రము వచ్చిన మరుసటి యేడు, 2019 సెప్టెంబరు 7న, చంద్రయాన్-2 పంపిన విక్రమ్ చంద్రునిపై దిగుచు మాట తప్పిపోయెను. మనవారు పని మానలేదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున సురక్షితముగా దిగెను.

పరీక్ష తప్పిన బాలుని చదువు మాన్పించి నాపరాతి గనికి పంపుదమా యని యింటివారు అడిగినప్పుడు, తీర్పు చెప్పెడివారు పెద్దలగు మీరే. ఆ మాట చెప్పుటకు ముందు ఈ చిత్రమును మనుమలతో కూడి యొకసారి చూడుడని నా మనవి.

సెలవు.