సముద్రము మీద రెండు గంటలు

చెన్నపట్టణమునుండి అండమాను దీవులకు దూరమెంతయని శ్రోతలు మమ్మడుగుట కలదు. ఒక్క మాటలో చెప్పజాలము. ఓడవానిది ఒక లెక్క, విమానమువానిది ఒక లెక్క, అచ్చట కాపురమున్నవానిది వేరొక లెక్క.

ముందు పటము విప్పుదము. పోర్టుబ్లెయిరునకు 2024లో కేంద్రప్రభుత్వము శ్రీవిజయపురమను పేరు పెట్టినది గాని, పాత పేరింకను మా నాలుకను విడువలేదు. చెన్నపట్టణమునుండి అచ్చటికి ఆకాశమార్గమున సుమారు 1,370 కిలోమీటర్లు, కలకత్తానుండి 1,300. మన విశాఖపట్టణమునుండి రమారమి 1,230 మాత్రమే. మూడింటిలో అదియే దగ్గర. అయినను విశాఖవారు పెక్కుమారులు చెన్నపట్టణము చుట్టి పోవుచుందురు.

ఈ దూరమునకు ఓడకు రెండున్నర మూడు దినములు పట్టును. విమానమునకు రెండుగంటల పైచిల్లర. అందును గాలి మాట వినవలెను. వానకాలమున దక్షిణాపథముపై మిక్కిలి యెత్తున తూర్పుగాలి యేరువలె పారును. దానిని 1958లో లోకమునకు విశదపరచినవారు మన తెలుగు శాస్త్రజ్ఞులు పంచేటి కోటేశ్వరముగారు. విమానము దానికి దిగువనే యెగిరినను ఆ యొరపిడి కొంత తగులును. కావున ఆ దినములలో పోవుటకంటె వచ్చుట కొన్ని నిమిషములు ముందుగా ముగియవచ్చును.

గడియారము రెండుచోట్లను ఒక్కటే. సూర్యుడట్లు కాదు. పోర్టుబ్లెయిరు చెన్నపట్టణమునకు పన్నెండున్నర డిగ్రీలు తూర్పున నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల వంతున అచ్చట ప్రొద్దు ఏబది నిమిషములు ముందు నడచును. మార్గశిరమున సాయంత్రము ఐదు దాటగానే దీపము పెట్టవలసినదే.

2011 జనాభా లెక్కలలో ఆ దీవులయందు నూటికి పదుముగ్గురు తెలుగు తమ మాతృభాషయని వ్రాయించిరి. శ్రీకాకుళపు తీరమునుండి వలలతో పోయిన కుటుంబములును వారిలో కలవు. ఇంటివద్ద తల్లికి ప్రాణముమీదికి వచ్చినదని కబురందినచో, ఆ మనుష్యునికి కిలోమీటర్లతో పనియేమి? ఓడయెక్కినచో అంత్యక్రియలు ముగిసినపిదప చేరును. విమానమెక్కినచో కడసారి చూపు దక్కవచ్చును. కాని అప్పటికప్పుడు కొను టిక్కెట్టు వెల, నెలలముందు కొన్నవాని వెల కాదు.

మరియొక చిక్కు కలదు. పోర్టుబ్లెయిరుపై మబ్బు కమ్మి నేల కానరానిచో, పౌరవిమానము దిగుటకు చేరువలో అనువైన వేరొక యూరు లేదు. అందుచేత తిరుగు ప్రయాణమునకు చాలినంత ఇంధనము మోసికొనియే పోవలెను. దీవిపై గిరికీలు కొట్టి కొట్టి, బయలుదేరిన చోటికే మరలివచ్చిన విమానములు కలవు. నాలుగు గంటలకు పైగా ఆకాశమున కూర్చుండి, దిగి చూచుకొనగా మరల మీనంబాకమే!

అట్లు మరలివచ్చిన వృద్ధుడొకడు మాతో, "దీవి కనబడినదయ్యా, దిగనీయలేదు" అనెను. మరునాటి విమానమున చేరెను గాని, మనుమరాలి పెండ్లి ముహూర్తము ఆ రాత్రియే దాటిపోయినది.