పాత ఇటాలియన్ బైక్ కొనేముందు ఈ పని చెయ్యండి

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది "బ్రో, ఇటలీలో పాత డుకాటీలు చూపించు" అని అడిగారు. ఇదిగో, ఈసారి అదే.

నేను చదువుకునేది బొలోన్యాలో. పక్కనే ఇమోలా. ఏటా సెప్టెంబర్‌లో అక్కడి రేస్ ట్రాక్‌లోనే పాత బండ్లు, స్పేర్ పార్టుల సంత పెడతారు. మా పక్క రూమ్‌లో ఉండే గుంటూరు అన్న ఒక్క ఇటాలియన్ బైక్ కోసం నాలుగేళ్లుగా డబ్బులు దాస్తున్నాడు. ఇద్దరం వెళ్లాం.

వెళ్లిన గంటలోనే అన్న ఒక బండి దగ్గర ఆగిపోయాడు. వెండి రంగు ఫెయిరింగ్, నీలం కలిసిన ఆకుపచ్చ ఫ్రేమ్. "ఒరేయ్, డుకాటీ 750 సూపర్ స్పోర్ట్ రా!" అన్నాడు. 1972 ఏప్రిల్‌లో ఇదే ట్రాక్ మీద జరిగిన ఇమోలా 200 రేసులో మొదటి రెండు స్థానాలూ డుకాటీవే. గెలిచింది పాల్ స్మార్ట్. ఆ రేస్ బండిని చూసి 1974లో రోడ్డు కోసం చేసినవి సుమారు 400 మాత్రమే. అందుకే అసలువి లక్ష యూరోలు దాటి కూడా అమ్ముడయ్యాయి.

అమ్మే పెద్దాయన చెప్పిన రేటు అందులో మూడో వంతు. నాకు డౌట్ కొట్టింది. "లిబ్రెత్తో చూపిస్తారా?" అన్నాను. మన ఆర్సీ లాంటిది అది. అందులో 750 జీటీ అని ఉంది!

జీటీ అదే కాలంలో వచ్చిన టూరింగ్ మోడల్. అందులో వాల్వులు స్ప్రింగుతో మూసుకుంటాయి. సూపర్ స్పోర్ట్‌లో డెస్మో ఉంటుంది, అంటే వాల్వు మూయడానికి కూడా రాకరే. ట్యాంక్, ఫెయిరింగ్ మార్చేస్తే పైకి మాత్రం ఒకేలా కనిపిస్తాయి.

జీటీ కూడా మంచి బండే. అన్న జీటీ రేటు ఇస్తానన్నాడు. ఆయన నవ్వి వేరే కస్టమర్ వైపు తిరిగాడు.

అన్న మొహం చూడలేకపోయాను. అక్కడే ఉన్న బెంచీ మీద కాసేపు కూర్చున్నాం. తర్వాత రెండు వరసల అవతల ఆకుపచ్చ మోటో గూజీ వీ7 స్పోర్ట్ కనిపించింది. 748 సీసీ, చైన్ లేదు, షాఫ్ట్ డ్రైవ్. ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూశాం, చల్లగా ఉంది. ఇది ముఖ్యం ఫ్రెండ్స్! ముందే వేడి చేసి పెట్టారంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడానికి మొరాయిస్తుందేమో అని అనుమానించాలి. ఈ పాత గూజీల సిలిండర్ లోపల క్రోమ్ పూత ఉంటుంది. అది పెచ్చులూడితే ఇంజిన్ ఖర్చు మామూలుగా ఉండదు. ఆ సంగతి అడగ్గానే ఆయన సిలిండర్లు మార్పించిన బిల్లు తీసి చూపించాడు. ఫ్రేమ్ నంబర్ కూడా కాగితంతో కలిసింది.

అన్న వదినకి వీడియో కాల్ చేసి, అడ్వాన్స్ ఇచ్చేశాడు.

తిరుగు రైల్లో చూస్తే ఫోన్‌లో డుకాటీ ఫోటోనే చూసుకుంటున్నాడు. "బాధగా ఉందా అన్నా?" అన్నాను. "ఉంటుంది కదరా. కానీ అది కొనుంటే రోజూ బాధపడేవాణ్ణి" అన్నాడు.

కాబట్టి ఫ్రెండ్స్, ముందు కాగితం, తర్వాత నంబర్, ఆ తర్వాతే మనసు. మీరైతే ఏది కొనేవాళ్లు? కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!