లొంగని క్రిములు – కంప్యూటరు వెతికిన మందు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. అకౌంట్స్ సెక్షనులో 32 ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. కిందటేడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేరాను. కల్చర్ రిపోర్టులో పదిహేను మందుల పేర్లుంటే పదకొండింటి ఎదుట 'ఆర్' అని ఉంది. అంటే ఆ మందులకు క్రిమి లొంగదని అర్థం. "ఇదివరకు యాంటీబయాటిక్స్ ఎలా వాడేవారు?" అని డాక్టరుగారు అడిగితే తల దించుకున్నాను. జలుబు చేసినా షాపులో నాలుగు మాత్రలు కొని, రెండు మింగి, మిగతావి డబ్బాలో దాచే అలవాటు నాది. చివరికి వారం రోజుల ఇంజెక్షన్లతో బయటపడ్డాను.

లక్షల క్రిముల్లో ఏ కొన్నింటికో మందును తట్టుకునే గుణం ఉంటుంది. కొన్ని మందును ముక్కలు చేస్తాయి, కొన్ని బయటికి తోడేస్తాయి. మిగతావి చస్తే, ఇవే పెరిగి రాజ్యమేలుతాయి. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ చాలీచాలని మోతాదు ప్రమాదమని 1945లోనే హెచ్చరించారు. 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మరణాలకు ఇటువంటి బాక్టీరియాలే నేరుగా కారణమని అంచనా.

మరి కొత్త మందులు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజుల్లో, మట్టి నమూనాలను ఒక్కొక్కటే పరీక్షించి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. ఇప్పుడా వెతుకులాటలో కంప్యూటరు తోడైంది. ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు సుమారు 2,300 రసాయనాల్లో ఏవి ఈ.కోలైని ఆపుతాయో పరీక్షించి, ఆ ఫలితాలను కంప్యూటరుకు నేర్పారు. తర్వాత ఇంకో ఆరువేల రసాయనాల జాబితా ఇచ్చి, పాత మందులను పోలనివాటి కోసం చూశారు. పాత మందును తప్పించుకోవడం నేర్చిన క్రిమికి, దాని చుట్టంలాంటి కొత్త మందూ ఒక లెక్క కాదు గదా! అలా దొరికినదే 2020లో ప్రకటించిన 'హాలిసిన్'. అంతకుముందు చక్కెర వ్యాధి కోసం పరిశీలించిన పదార్థమది. 30 రోజులు గడిచినా ఈ.కోలై దానికి మొండికేయలేదు. సిప్రోఫ్లాక్సాసిన్‌కైతే మూడు రోజుల్లోపే మొండికేయసాగింది.

అయితే హాలిసిన్ పనిచేసింది ఎలుకల్లో. మనుషుల్లో పరీక్షలన్నీ దాటితేనే ఏ మందైనా మన చేతికొచ్చేది. వచ్చినా, నాలాగా వాడితే దానికీ పాత మందుల గతే. కనుక డాక్టరు రాయనిదే వాడవద్దు. రాసినన్ని రోజులూ మానవద్దు. మన మాత్రలు మనుమలకు ఇవ్వవద్దు.

నా డబ్బా ఖాళీ చేశాను. మీరూ ఇంటికెళ్ళి ఒకసారి చూసుకోండి. సెలవు.