జలపాతం దగ్గర ఒక గంట

(ఉగాది సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగపాఠం)



ఉగాది పచ్చడి రుచి నాలుకమీద ఉండగానే విహారయాత్ర ముచ్చట ఎత్తడం మన సంఘంలో ఆనవాయితీ. పంచాంగ శ్రవణం ముగిసిందో లేదో, “ఈ ఏడు బస్సు ఎక్కడికి?” అని పిల్లలు అడగనే అడిగారు. ఈ ఏడు బిళిగిరి రంగనబెట్టకు పోదామనీ, దారిలో శివనసముద్రం వద్ద కొంచెంసేపు ఆగుదామనీ కార్యవర్గం ఆలోచన. బెట్ట సంగతి చెప్పడానికి వేరే వక్తలున్నారు. ఆ “కొంచెంసేపు” గురించి మాత్రమే మేము నాలుగు మాటలు మనవి చేస్తాము. కిందటి యాత్రలో మేము పొరపాటుపడ్డది సరిగ్గా అక్కడే.

బెంగుళూరు నుండి కనకపుర, హలగూరు, మళవళ్ళి మీదుగా కొళ్ళేగాలకు పోయే రోడ్డు మీలో చాలామంది ఎరిగినదే. మళవళ్ళి దాటిన తరువాత కావేరి రెండు పాయలుగా చీలి, నడుమ శివనసముద్రం అనే లంకను నిలుపుతుంది. గోదావరి లంకలు చూచినవారికి లంక అంటే మెత్తని ఒండ్రునేల. ఇది రాతి లంక. దీనిని దాటేలోపల నది సుమారు 300 అడుగులు కిందికి దూకుతుంది. పడమటి పాయ దూకేచోటు గగనచుక్కి, తూర్పు పాయ దూకేచోటు భరచుక్కి. పటంలో చూస్తే రెండూ ఇరుగుపొరుగు ఇళ్ళవలె ఉంటాయి. రోడ్డున ఒకదానినుండి మరొకదానికి పోవాలంటే మాత్రం ఏరు దాటి, చుట్టు తిరిగి, పది కిలోమీటర్లకు మించి ప్రయాణం చేయాలి. “రెండూ ఒకచోటనే గదా, చూచేద్దాం” అనుకోవడం మా మొదటి తప్పు.

కొన్నేండ్ల కిందట బయలుదేరినప్పుడు బస్సు ఆరింటికి కదలవలసింది, ఏడున్నరకు కదిలింది. దారిలో ఇడ్లీలకని ఆగితే, ఇడ్లీలకు అరగంట, కాఫీకి మరో అరగంట. కుర్రవాళ్ళ కోరికమీద ముందు భరచుక్కికి పోయాము. గగనచుక్కి తిరుగుదారిలో చూడవచ్చులే అన్నాము. “అరగంటలో రండి” అని చెప్పి పిల్లలను మెట్లు దించాము. అరగంట దిగడానికే సరిపోయింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు బస్సులో కూర్చుని, ఆ నీళ్ళ చప్పుడు విన్నారే గాని నీళ్ళు చూడలేదు. ఒక పిల్లవాడు పాచిపట్టిన రాతిమీద జారి మోచేయి చీల్చుకున్నాడు. అంతటితో పోవడం మన అదృష్టం. అందరినీ లెక్కపెట్టి ఎక్కించేసరికి రెండు గంటలు దాటింది. బెట్టమీద దర్శనం హడావుడిగా ముగించి తిరిగి వస్తుంటే చీకటి పడింది. గగనచుక్కి వైపు తిరగకుండా తిన్నగా ఇంటిదారి పట్టాము.

బస్సు మళవళ్ళిలో ప్రవేశించేటప్పుడు వెనుక సీటులోని ఒక పెద్దాయన మెల్లగా అడిగారు: “కరెంటు పుట్టేచోటు దాటిపోయిందా, బాబూ?”

దాటిపోయిందన్నాము. ఆయన మరేమీ అనలేదు. కిటికీవైపు తిరిగి కూర్చున్నారు.

ఆయన కోలారు బంగారు గనులలో ముప్పై ఏండ్లకు పైగా పనిచేసిన మనిషి. తాతగారి కాలంలో చిత్తూరు ప్రాంతంనుండి వచ్చి గని చేరిన కుటుంబం. గగనచుక్కి పక్కన బ్లఫ్ అనే చోట కావేరి నీటితో కరెంటు పుట్టించడం 1902లో మొదలైనది. దివాను శేషాద్రి అయ్యరుగారి హయాంలో తలపెట్టిన పని అది. అక్కడ పుట్టిన కరెంటు మొట్టమొదట పోయినది సుమారు 147 కిలోమీటర్ల దూరాన ఉన్న కోలారు గనులకు. బెంగుళూరు వీధిదీపాలు 1905 వరకు ఆగవలసి వచ్చినది. తరువాత గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు పోయాయి. అంత లోతుకు మనిషిని దించాలన్నా, గాలి పంపాలన్నా, ఊరిన నీరు తోడాలన్నా యంత్రాలు తిరగాలి. 2001లో గనులు మూతపడ్డాక ఆయన కొడుకు దగ్గరకు బెంగుళూరు వచ్చి మన సంఘంలో సభ్యులైనారు. తమ గనికి మొదటి వెలుగు పంపిన నీరు ఎట్లా ఉంటుందో కళ్ళార చూడాలని ఆనాడు బస్సెక్కారు. ఆ మాట ఆయన చెప్పలేదు. మేము అడగలేదు. బస్సు ఆలస్యం, ఇడ్లీ ఆలస్యం చిన్న తప్పులు. అడగకపోవడమే పెద్ద తప్పు.

కాబట్టి ఈసారి ముందుగానే నిర్ణయించుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాము. లోపాలుంటే దిద్దండి.

మొదటిది, ఎప్పుడు పోవాలి? ఉగాది సెలవులలోనే పోదామని కొందరు అంటున్నారు. ఎండాకాలంలో అక్కడ కనబడేది బండ, దానిమీద నాలుగు నీటి చారలు. కావేరికి నీరు కొడగు కొండల వానలతో వస్తుంది. వయనాడు వైపునుండి కబిని వచ్చి తిరుమకూడలు నరసీపురం వద్ద కలుస్తుంది. రెండింటిమీదా ఆనకట్టలున్నాయి. పైగా విద్యుత్కేంద్రానికి నీటిని ఎగువనే మళ్ళిస్తారు. అందుచేత వానలు పడి, జలాశయాలు నిండి, నీరు వదలినప్పుడే జలపాతానికి నిండుదనం. ఆగస్టు, అక్టోబరు నడుమ ఒక ఆదివారం చూద్దాము. కృష్ణరాజసాగరం నుండీ, కబిని నుండీ ఎంత నీరు వదలుతున్నారో పత్రికలలో వస్తుంది. వరద మరీ ఎక్కువైతే సందర్శకులను దగ్గరకు పోనివ్వరు. కనుక బయలుదేరే ముందురోజు విచారించే బాధ్యత కార్యవర్గంలో ఒకరికి అప్పగించాము.

రెండవది, ఏది చూడాలి? గగనచుక్కి ఒక్కటే. అది పోయేదారిలో, ఏరు దాటకముందే వస్తుంది. బస్సు నిలిచేచోటికి దగ్గరలోనే కటకటాలతో కట్టిన వేదికలు ఉన్నాయి. చేతికర్రతో నడిచేవారు కూడా అక్కడినుండి జలపాతాన్ని ఎదురుగా చూడగలరు. భరచుక్కి మెట్లు దిగాలని ఉబలాటపడే యువకులకు వేరే యాత్ర వేద్దాము. కాళ్ళు బాగున్నవారు మరల రాగలరు.

మూడవది, ఎంతసేపు? ఒక గంట. ఆరింటికి బస్సు కదులుతుంది, ఆరుంబావుకు కాదు. ఫలహారం పొట్లాలు బస్సులోనే పంచుతాము. ఫలహారం కోసం బస్సు ఆగదు. కాఫీకి మాత్రం కనకపుర దాటాక పావుగంట ఆపుతాము. తొమ్మిదిన్నరకు గగనచుక్కి చేరుతాము. దిగడానికి, మరుగుదొడ్లకు పోయి రావడానికి పదిహేను నిమిషాలు, చూడడానికి ముప్పైఐదు నిమిషాలు, తలలు లెక్కపెట్టి ఎక్కడానికి పది నిమిషాలు. ముప్పైఐదు నిమిషాలేనా అంటారేమో. నిలబడి నిమ్మళంగా చూచేవారికి అది చాలు. ఫోటోలకు మాత్రం రోజంతా చాలదు. అందుచేత మొదటి పది నిమిషాలు ఎవరూ సెల్‌ఫోను బయటికి తీయరాదని విన్నపం.

నాలుగవది, జాగ్రత్త. కటకటాలు దాటరాదు. నీటిలో దిగరాదు. ఆ బండలు చూడ్డానికి పొడిగా ఉన్నా పాచిపట్టి ఉంటాయి, ఎగువన నీరు వదిలితే ప్రవాహం ఉన్నట్లుండి పెరుగుతుంది. ప్రతి ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద తోడుండాలి. కోతుల బెడద ఉన్నది గనుక పులిహోర, దద్దోజనం డబ్బాలు అక్కడ విప్పరాదు. భోజనం కొళ్ళేగాల దాటాక. తిన్న ఆకులూ కాగితాలూ మన సంచిలోనే వెనక్కు రావాలి.

ఇక ఐదవది, మాకు అన్నిటికంటె ముఖ్యమైనది. పేరు నమోదు చేసుకునేటప్పుడు ఒక్కొక్కరూ తాము ఏమి చూడాలని వస్తున్నారో ఒక చీటీమీద రాసి ఇవ్వండి. రాయలేనివారు చెబితే మేము రాసుకుంటాము. అందరి కోరికలూ తీర్చగలమని మాట ఇవ్వలేము. తెలియక దాటిపోయామని మరల ఎవరితోనూ చెప్పవలసిన అగత్యం రాకుండా చూస్తాము.

మేము చెప్పిన పెద్దాయన ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పము. ఆయనకు ఇప్పుడు 81 ఏండ్లు. విద్యుత్కేంద్రం లోపలికి అనుమతి లేనిదే పోనివ్వరని చెబితే, “లోపల నాకేం పని? ఆ నీళ్ళు చూపించండి, చాలు” అన్నారు. బస్సులో ఎడమవైపు మొదటి కిటికీ సీటు ఆయనది. మళవళ్ళి దాటగానే పది నిమిషాలు మైకు కూడా ఆయన చేతికే ఇస్తాము. గనిలోకి దిగేటప్పుడు ఎట్లా ఉండేదో, పైకి వచ్చాక వెలుగు ఎట్లా ఉండేదో పిల్లలు ఆయన నోటినుండే వింటారు. ఆ మాటలు విని దిగిన పిల్లవాడికి ఆ నీరు వేరుగా కనబడుతుందని మా నమ్మకం.

పెద్దాయనా, ఆనాడు మిమ్మల్ని అడగనందుకు ఈ సభలో క్షమాపణ చెప్పుకుంటున్నాము. వానలు బాగా కురవాలనీ, కావేరి నిండుగా పారాలనీ, అందరమూ ఆరోగ్యంగా ఆ బస్సెక్కాలనీ కోరుకుంటూ, మీ అందరికీ ఉగాది శుభాకాంక్షలతో సెలవు తీసుకుంటున్నాము. నమస్కారం.